ముందు షాకప్ నుంచి ఆయిల్ కారుతోందా? సీల్ మార్చే ముందు తెలుసుకోవాల్సినవి

బండి తీయబోతుంటే ముందు చక్రం పక్కన నేల మీద ఒక నూనె చుక్క. వంగి చూస్తే ముందు షాకప్, అంటే ఫోర్క్, మెరిసే పైపు చుట్టూ నల్లటి జిడ్డు వలయం, దానికి అంటుకున్న దుమ్ము. గుడ్డతో తుడిస్తే పోతుంది, మర్నాటికి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఫోర్క్ ఆయిల్ సీల్ పట్టు వదిలేసిందనడానికి ఇవే ఆనవాళ్లు.

ఓపిక, సరైన పానాలు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఉంటే ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. అయితే సీల్ మార్చినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే మళ్లీ అదే చుక్క చూస్తారు. నాకూ మొదటిసారి అలాగే జరిగింది. కొత్త సీళ్లు, కొత్త ఆయిల్, ఒక ఆదివారం మొత్తం శ్రమ. మూడో వారానికి మళ్లీ జిడ్డు. రెండోసారి విప్పి వెతికితే పైపు ముందు వైపున, గోటికి తగిలీ తగలనట్టు, ఆవగింజలో సగమైనా లేని తుప్పు గుంట ఒకటి దొరికింది. పాత సీల్‌ను పాడుచేసింది అదే, కొత్తదాన్నీ అదే కోసేసింది. అప్పటి నుంచి, సీల్ ఎందుకు కారిందో నాకు నేను చెప్పుకోగలిగే వరకు కొత్త సీల్ ప్యాకెట్ విప్పను. ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ కారణం వెతకడం గురించే.

లోపల జరిగేది ఏమిటి

టెలిస్కోపిక్ ఫోర్క్ అంటే ఒక పైపు ఇంకో గొట్టంలోకి జారే ఏర్పాటు. హైడ్రాలిక్ డ్యాంపింగ్‌తో, అంటే ఊపును ఆయిల్‌తో అణచే పద్ధతితో, ఈ ఫోర్క్ 1935లో బీఎండబ్ల్యూ ఆర్12 మీద వచ్చింది. మామూలు బండ్లలో నేటికీ మూలసూత్రం అదే. పైన హ్యాండిల్ కింది క్లాంపులు పట్టుకుని ఉండే ఉక్కు పైపు మీద గట్టి క్రోమ్ పూత ఉంటుంది. కింద చక్రాన్ని మోసే అల్యూమినియం భాగాన్ని బాటమ్ కేస్ అంటారు. లోపల స్ప్రింగ్, డ్యాంపర్ రాడ్ (చిన్న రంధ్రాలున్న కడ్డీ), ఆయిల్, పైన కాస్త గాలి. గతుకు తగలగానే బాటమ్ కేస్ పైకి లేచి పైపును తనలోకి తీసుకుంటుంది. ఆయిల్ చిన్న రంధ్రాల గుండా తోసుకుపోతుంది. ఆ నిరోధం వల్లే బండి ఎగిరెగిరి పడకుండా నిలదొక్కుకుంటుంది.

బాటమ్ కేస్ పై అంచున, పైపును చుట్టుకుని కూర్చునేది ఆయిల్ సీల్. లోపల ఉక్కు రింగు, దాని మీద రబ్బరు. పైపును తాకే పలుచటి అంచును లిప్ అంటారు. ఆ లిప్ వెనక దారంలాంటి సన్నటి స్ప్రింగు గుండ్రంగా చుట్టి ఉంటుంది, లిప్‌ను ఎప్పుడూ పైపుకు అదిమి పడుతుంది. దీనికి పైన, బయటికి కనిపించేది డస్ట్ సీల్. దాని పని దుమ్మును, నీటిని ఆపడం మాత్రమే, ఆయిల్‌ను ఆపడం కాదు.

లిప్ పైపును పూర్తిగా పొడిగా తుడవదు. కంటికి ఆనని పలుచటి ఆయిల్ పొరను పైపు మీద ఉండనిస్తుంది. ఆ పొరే లేకపోతే రబ్బరు క్రోమ్ మీద ఒరుసుకుని కొద్దికాలంలోనే అరిగిపోతుంది. కాబట్టి పైపు మీద వేలు రాస్తే కొంచెం జిడ్డు తగలడం జబ్బు కాదు. వలయం కట్టడం, కిందికి ధార కట్టడం, చుక్క రాలడం జబ్బు.

ఫోర్క్ నొక్కుకున్నప్పుడు లోపలి గాలి కుదించుకుని పీడనం పెరుగుతుంది. ఆ పీడనం ఆయిల్ ద్వారా సీల్ దాకా చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న లిప్ ఆ ఒత్తిడికి పైపును మరింత గట్టిగా అంటుకుంటుంది. కానీ లిప్‌కూ పైపుకూ మధ్య ఒక ఇసుక రేణువో, పైపు మీద ఒక గీతో ఉంటే, ఎంత అంటుకున్నా అక్కడ సందు మిగిలే ఉంటుంది. ప్రతి గతుకుకూ ఆ సందులోంచి కాస్త ఆయిల్ బయటపడుతుంది.

ముందు బ్రేకు సంగతి

కారిన ఆయిల్ బాటమ్ కేస్ మీదుగా దిగితే దాని దారిలో ఉండేది బ్రేక్ క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కి పట్టే భాగం), డిస్క్. డిస్క్ మీద ఆయిల్ ఉంటే ముందు బ్రేకు పట్టదు. ఈ ఒక్క విషయంలో వాయిదా కూడదు. ఆయిల్ బ్రేకు దాకా చేరిందని తెలిసిన క్షణం నుంచి ఆ బండి నడపకండి. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో కడిగితే సరిపోతుంది. ప్యాడ్లు మాత్రం సూక్ష్మ రంధ్రాలున్న పదార్థం, ఆయిల్‌ను పీల్చుకుంటాయి. ఎమరీ పేపర్‌తో రుద్దినా, మంట మీద కాల్చినా, వేడెక్కినప్పుడు లోపలి ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది. తడిసిన ప్యాడ్లు మార్చాల్సిందే.

కారుతున్నది నిజంగా సీలేనా?

మొదట ఫోర్క్ కాలు (ఒక వైపు పైపు, బాటమ్ కేస్ కలిపి) మొత్తం శుభ్రంగా తుడిచి, కొద్ది దూరం నడిపి, తడి ఎక్కడ మొదలైందో చూడండి. బాటమ్ కేస్ అడుగున మాత్రమే తడి ఉంటే తప్పు సీల్‌ది కాదు. అక్కడ డ్యాంపర్ రాడ్‌ను పట్టుకునే అలెన్ బోల్టు ఉంటుంది, దాని వాషర్ లీకవుతుండవచ్చు. కొన్ని బండ్లలో ఆయిల్ తీసే డ్రెయిన్ స్క్రూ కూడా అక్కడే ఉంటుంది. పైపు పై చివర తడి ఉంటే అక్కడి మూత, అంటే టాప్ క్యాప్, కింది రబ్బరు ఓ-రింగ్‌ను అనుమానించాలి. తడి క్యాలిపర్ దగ్గరో, బ్రేక్ గొట్టం బిగింపు దగ్గరో మొదలైతే అది బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు. ఫోర్క్ ఆయిల్ కంటే పలుచగా ఉంటుంది, పెయింట్‌ను తినేస్తుంది. అది వేరే రిపేరు, దాని అత్యవసరం ఇంకా ఎక్కువ.

సీల్ దగ్గరే వలయం కడుతోందని తేలితే, విప్పక ముందు చేయాల్సిన చిన్న ప్రయత్నం ఒకటుంది. చాలా లీకులకు కారణం లిప్ కింద ఇరుక్కున్న ఎండు బురద, దుమ్ము, పైపు మీద ఎండిపోయిన పురుగులు. డస్ట్ సీల్‌ను జాగ్రత్తగా పైకి లేపి పైపు మీదకి జరపండి. పలుచటి, గట్టి ప్లాస్టిక్ ముక్కను, పాత కెమెరా ఫిల్మ్ లాంటిదాన్ని, చివర చిన్న కొక్కెంలా కత్తిరించి అంచులు నున్నగా రుద్దండి. దాన్ని పైపుకూ సీల్‌కూ మధ్య లోపలికి దించి, చుట్టూ తిప్పుతూ పైకి లాగితే ఇరుక్కున్న మురికి బయటికొస్తుంది. తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్క్‌ను నాలుగైదుసార్లు నొక్కి, మళ్లీ తుడిచి, మళ్లీ తిప్పండి. లోహపు బ్లేడు, పిన్ను, కత్తి మొన మాత్రం వద్దు. అవి ఒక్క గీతతో లిప్‌ను చంపేస్తాయి. ఇలా చేశాక రెండు మూడు రోజులు నడిపి చూడండి. వలయం రాకపోతే ఆయిల్ మట్టం ఒకసారి సరిచూసుకుంటే చాలు.

లీకును ఆపుతాయని చెప్పే, ఆయిల్‌లో కలిపే మందుల మీద నాకు నమ్మకం లేదు. అవి రబ్బరును మెత్తబరిచి ఉబ్బేలా చేస్తాయి. పైపు మీది గీతను పూడ్చవు, చిరిగిన లిప్‌ను అతకవు.

పైపును చదవడం

మురికి తీసినా ఆగకపోతే తప్పు లిప్‌లోనైనా ఉండాలి, పైపులోనైనా ఉండాలి, ఆ రెంటినీ వరుసలో ఉంచే బుష్‌లలోనైనా (పైపు జారడానికి ఆనుకునే రింగులు) ఉండాలి. సీల్ ఎలాగూ మారుతుంది కాబట్టి మిగతా రెండింటి మీదే దృష్టి పెట్టాలి.

పైపును శుభ్రంగా తుడిచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూసుకుని, గోరును నిలువుగా నెమ్మదిగా జార్చండి. చుట్టూ ప్రతి వైపునా. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ లోపం ఉంది. గోటికి అందని చిన్న పగుళ్లను పలుచటి నైలాన్ గుడ్డ పట్టిస్తుంది, వాటి మీద పోగు తగులుకుంటుంది. ముందు వైపున ఎక్కువ శ్రద్ధ పెట్టండి, రాళ్లూ వాన నీళ్లూ తగిలేది అక్కడే. రబ్బరు తొడుగులు ఉన్న బండ్లలో తొడుగు తీసి చూడండి. అవి రాళ్ల నుంచి కాపాడతాయి, కానీ లోపలికి చేరిన తేమను ఆరనివ్వవు. గట్టి క్రోమ్ పూతలో సహజంగానే సూక్ష్మమైన పగుళ్లుంటాయి. తేమ వాటి గుండా ఉక్కు దాకా చేరి, కింద నుంచి తుప్పు లేచి, పూతను పొక్కులా పైకెత్తుతుంది.

లోపం ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. సీల్ తిరిగే పరిధికి పైన ఉన్న గీత ఆయిల్‌ను కార్చదు. ఆ పరిధి తెలుసుకోవడానికి బండి విప్పక ముందే పైపుకు ఒక ప్లాస్టిక్ జిప్ టై వదులుగా కట్టి, డస్ట్ సీల్‌ను ఆనుకునేలా జరిపి, మామూలుగా తిరిగే రోడ్ల మీద నడపండి. ఫోర్క్ ఎంతవరకు నొక్కుకుందో టై అక్కడ ఆగుతుంది. దాని కింది భాగమంతా లిప్ రోజూ తిరిగే దారి. సీల్‌ను కోయడానికి ఆ దారిలో ఒక్క మొన చాలు.

చిన్న మొనను నున్నగా చేయవచ్చు. 1500, ఆ తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌ను ఆయిల్‌తో తడిపి, పైకి లేచిన అంచును మాత్రమే తగ్గించాలి. పైపు చుట్టూ అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే పడే సన్నటి గీతలు ఆయిల్ పైకి ఎక్కే కాలువలవుతాయి. గుంటను పూడ్చడానికి కొందరు ఎపాక్సీ నింపి, ఆరాక సమంగా రుద్దుతారు. ఒకే ఒక్క చిన్న గుంటకు అది కొంతకాలం పనిచేస్తుంది. గుంటలు పలుచోట్ల ఉన్నా, పూత ఊడుతున్నా పైపు మార్చడమో, పాత పూత తీయించి మళ్లీ గట్టి క్రోమ్ వేయించి గ్రైండింగ్ చేయించడమో తప్పదు. ఇక్కడ పొదుపు చేస్తే ప్రతి కొన్ని నెలలకూ సీళ్లు కొంటూనే ఉంటారు.

వంగిన పైపు ఇంకో శత్రువు. విప్పాక, చదునైన గాజు పలక మీద పైపును దొర్లిస్తే వంపు ఉన్నచోట కింద వెలుతురు కనిపించి మాయమవుతుంటుంది. బుష్‌లు అరిగితే పైపు బాటమ్ కేస్‌లో అటూ ఇటూ ఊగుతుంది, లిప్ ఒక వైపు నలిగి మరో వైపు వదులవుతుంది. బుష్ ముఖం మీది బూడిద రంగు టెఫ్లాన్ పూత పోయి ఇత్తడి రంగు బయటపడితే దాని ఆయువు తీరినట్టే.

విప్పడంలో క్రమం

ఇక్కడ తొందర పడితే పని రెట్టింపవుతుంది. ముందుగా, పైపు పై క్లాంపులోంచి ఎంత ఎత్తు బయటికి వచ్చి ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు రెండు కాళ్లూ అదే కొలతలో ఉండాలి.

బండి ముందు భాగం గాల్లో గట్టిగా నిలబడాలి. సెంటర్ స్టాండు వేసి ఇంజన్ కింద దిమ్మె పెట్టి, చేత్తో గట్టిగా కదిపి చూశాకే చక్రం తీయండి. క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయవద్దు, తాడుతో కట్టి పెట్టండి. ప్యాడ్ల మధ్య మందమైన అట్టముక్క దూర్చండి. పొరపాటున ఎవరైనా బ్రేక్ లివర్ నొక్కినా పిస్టన్లు బయటికి రావు.

ఫోర్క్ కాలును ఊడదీయక ముందే చేయాల్సినవి రెండున్నాయి. వీటిని మరిచినవాళ్లే తర్వాత ఎక్కువ అవస్థ పడతారు. ఒకటి, పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు పట్టు మీదే టాప్ క్యాప్‌ను కొద్దిగా కదిలించాలి. బయటికి తీశాక గుండ్రటి పైపును పట్టుకుని బిగుసుకున్న క్యాప్ తిప్పడం నరకం. రెండు, అడుగున ఉన్న అలెన్ బోల్టును కూడా ఇప్పుడే వదులు చేయాలి. ఆ బోల్టు డ్యాంపర్ రాడ్‌లోకి బిగుస్తుంది. లోపల స్ప్రింగు తీసేశాక తిప్పితే రాడ్ కూడా దానితో పాటే గిరగిరా తిరుగుతుంది, బోల్టు ఊడదు. స్ప్రింగు లోపలే ఉండగా, ఇంకొకరు ఫోర్క్‌ను నొక్కి పట్టుకుంటే ఆ ఒత్తిడికి రాడ్ కదలకుండా నిలుస్తుంది. అప్పటికీ తిరిగితే ఇంపాక్ట్ రెంచ్ ఒక్క దెబ్బతో తీస్తుంది. అలెన్ కీ పెట్టే ముందు ఆ గుంటలోని బురదంతా తీసేసి, కీ పూర్తిగా దిగేలా చూసుకోండి. అంచులు అరిగితే ఆ బోల్టు తీయడం ఇంకో రోజు పని.

టాప్ క్యాప్ తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ముఖం దాని ఎదురుగా ఉంచవద్దు. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి మరలు వదిలే క్షణంలో క్యాప్ తుపాకీ గుండులా లేస్తుంది. అరచేత్తో కిందికి అదిమి పట్టుకుని నెమ్మదిగా వదలండి. స్ప్రింగు ఏ వైపు పైకి ఉందో చూసి గుర్తు పెట్టుకోండి. ఒక చివర చుట్లు దగ్గరగా ఉంటే, ఆ చివర ఎటు ఉండాలో మాన్యువల్ చెబుతుంది.

పాత ఆయిల్‌ను గిన్నెలోకి వంచి, ఒకసారి బాగా చూడండి. బూడిద రంగులో మెరుస్తుంటే లోపలి లోహం, బుష్ పూత అరుగుతున్నాయి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, అంటే డస్ట్ సీల్ ఎప్పుడో పోయింది.

డస్ట్ సీల్ లేపితే కింద సర్‌క్లిప్ అనే తీగ కనిపిస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో దాని చివర నుంచి లేపి తీయండి. ఆ తర్వాత దారి బండిని బట్టి మారుతుంది. కొన్నింటిలో పైపును బాటమ్ కేస్‌లోంచి గట్టిగా ఝాడించి లాగుతుంటే పైపు మీది బుష్ కింద నుంచి తగిలి సీల్‌ను తోసుకుంటూ బయటికి తెస్తుంది. మరికొన్నింటిలో పైపు వట్టిగా వచ్చేస్తుంది, సీల్ లోపలే ఉండిపోతుంది. అప్పుడు సీల్ పుల్లర్‌తో లేపాలి, కానీ బాటమ్ కేస్ అంచు మీద చెక్కముక్కో గుడ్డో వేసి దాని మీద ఆనించి లేపాలి. అక్కడి అల్యూమినియం మెత్తనిది. సీల్ కూర్చునే గోడ మీద గీత పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచే ఆయిల్ కారుతుంది.

కొత్త సీల్ కూర్చోబెట్టడం

పాత సీల్ మీద ముద్రించి ఉన్న మూడు అంకెలు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. కొత్తదాన్ని వాటితో సరిచూడండి. ఒక కాలే కారుతున్నా రెండూ మార్చమనే నా సలహా. రెండో సీల్ కూడా అంతే వయసుది, పైగా రెండు కాళ్లలో పాత ఆయిల్, కొత్త ఆయిల్ వేర్వేరుగా ఉంటే డ్యాంపింగ్ సమంగా ఉండదు.

అన్నీ కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పైపు అంచు, బుష్ కూర్చునే గాడి పదునుగా ఉంటాయి. కొత్త లిప్ వాటి మీదుగా జారితే మొదటి నిమిషంలోనే చిరుగుతుంది. పలుచటి ప్లాస్టిక్ సంచి ముక్కను పైపు చివర తొడిగి, దాని మీద ఫోర్క్ ఆయిల్ రాసి, సీల్‌ను దాని మీదుగా జార్చండి. ఎక్కించే వరుస: డస్ట్ సీల్, సర్‌క్లిప్, ఆయిల్ సీల్, తర్వాత వాషర్, బుష్. ఆయిల్ సీల్‌లో స్ప్రింగు కనిపించే ముఖం ఆయిల్ వైపు, అంటే కిందికి. ఇది తిరగబడితే మిగతా పనంతా వృథా.

దించడానికి ప్రత్యేకమైన డ్రైవర్ లేకపోతే, పైపు మీద సరిపడే పీవీసీ గొట్టాన్ని నిలువునా చీల్చి, సీల్ మీద ఆనించి, చుట్టూ సమంగా తడుతూ దించవచ్చు. మధ్యలో పాత సీల్ పెడితే కొత్తదానికి దెబ్బ తగలదు. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో వైపు కొట్టడం వద్దు, సీల్ ఏటవాలుగా ఇరుక్కుంటుంది. సీల్ అడుక్కి చేరినప్పుడు సుత్తి శబ్దం మారుతుంది, గట్టిగా మోగుతుంది. సర్‌క్లిప్ గాడి చుట్టూ పూర్తిగా కనిపించాలి. క్లిప్ ఆ గాడిలో పడిందో లేదో వేలితో తిప్పి చూడండి.

ఆయిల్: గ్రేడు కంటే మట్టం

ఆయిల్ డబ్బాల మీది 10 డబ్ల్యూ, 15 డబ్ల్యూ లాంటి అంకెలు ఒక కంపెనీకీ మరో కంపెనీకీ సరిగ్గా సరిపోవు. నిజంగా పోల్చాలంటే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) అని చూడాలి. మాన్యువల్ చెప్పిన గ్రేడు వాడితే మామూలు అవసరానికి చాలు.

మట్టం దగ్గర అశ్రద్ధ పనికిరాదు. కాస్త ఎక్కువ పోస్తే మంచిదే అనుకునేవాళ్లు చాలామంది. లెక్క వేసి చూద్దాం. ఫోర్క్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు లోపల 240 మిల్లీమీటర్ల గాలి ఉందనుకోండి. 120 మిల్లీమీటర్లు నొక్కుకుంటే గాలి సగమవుతుంది, పీడనం దాదాపు రెట్టింపు. అందులోనే ఆయిల్ 60 మిల్లీమీటర్లు ఎక్కువ పోస్తే మొదలు 180, నొక్కుకున్నాక 60. పీడనం మూడింతలు. నిజం ఫోర్క్‌లో లెక్క ఇంత సూటిగా ఉండదు, కానీ పోకడ ఇదే. పెరిగిన ఆ ఒత్తిడి అంతా మీరు ఇప్పుడే వేసిన సీల్ మీద పడుతుంది, ఫోర్క్ చివర్లో రాయిలా బిగుసుకుంటుంది.

అడుగు అలెన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, మరలకు థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించాక ఆయిల్ పోయండి. పైపును నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి లోపలి గాలి బుడగలు బయటికి రానివ్వండి. పది నిమిషాలు కదపకుండా నిలబెట్టండి. మాన్యువల్ మట్టం కొలత ఇస్తే, స్ప్రింగు లేకుండా, పైపును పూర్తిగా కిందికి దించి, పై అంచు నుంచి ఆయిల్ వరకు కొలవండి. పరిమాణం మాత్రమే మిల్లీలీటర్లలో ఇస్తే, అది పూర్తిగా విప్పి ఆరబెట్టిన ఫోర్క్‌కా, ఆయిల్ మాత్రం మార్చినప్పుడా అన్నది చూసుకోండి. రెండింటికీ తేడా ఉంటుంది, గోడలకు అంటిన పాత ఆయిల్ వల్ల. చివరికి రెండు కాళ్లలోనూ ఒకే మట్టం ఉండాలి.

లావు గొట్టం పైన, మెరిసే పైపు కింద ఉండే తలకిందుల ఫోర్క్‌ల సంగతి వేరు. వాటిలో సీల్ కింది వైపున ఉంటుంది, ఆయిల్ ఎప్పుడూ దాని మీదే నిలబడి ఉంటుంది కాబట్టి సీల్ పోతే ఆయిల్ త్వరగా ఖాళీ అవుతుంది. చాలావాటిలో లోపల కార్ట్రిడ్జ్ (విడిగా అమర్చిన డ్యాంపింగ్ భాగం) ఉండి, స్ప్రింగును నొక్కి పట్టే ప్రత్యేక పరికరం కావాలి. ఈ పని మొదటిసారి చేసేవాళ్లు వాటితో మొదలుపెట్టవద్దు.

బిగించాక

రాసుకున్న ఎత్తుకే రెండు పైపులనూ పెట్టి, ముందు కింది క్లాంపు మాత్రం బిగించి, టాప్ క్యాప్ బిగించాక పై క్లాంపు బిగించండి. చక్రం, క్యాలిపర్ పెట్టాక ఇరుసు నట్టు బిగించండి. ఇరుసును పట్టే పక్క బోల్టు వదులుగానే ఉంచి, బండిని నేల మీదకి దించి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్క్‌ను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. రెండు కాళ్లూ సహజంగా సమాంతరమవుతాయి. ఆ తర్వాతే ఆ పక్క బోల్టు. ఈ చిన్న మెట్టు వదిలేస్తే కాళ్లు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి, బుష్, సీల్ ఒక వైపు అరుగుతాయి. బోల్టులన్నింటికీ మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం) వాడండి, క్లాంపు బోల్టులకైతే తప్పనిసరిగా. అతిగా బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది.

బండి కదిలే ముందు బ్రేక్ లివర్‌ను పిసికి, గట్టిపడే వరకు ఆగండి. పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, వాడేసిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మురుగు కాలువలోకి, మట్టిలోకి వద్దు.

మొదటి రోజు పైపు మీద కాస్త జిడ్డు కనిపిస్తే కంగారు పడకండి, బిగించేటప్పుడు రాసిన ఆయిలే అది. తుడిచేయండి. మూడో రోజు మళ్లీ చూడండి. పైపు మీద వేలు రాస్తే సన్నటి మెరుపు తప్ప ఏమీ లేకపోతే సీల్ కుదురుకున్నట్టే. ఒక కాలి మీద మాత్రమే వలయం మళ్లీ కనిపిస్తే, ఆ కాలి పైపును చుట్టూ ఇంకోసారి గోటితో తడిమి చూడండి, ముందు వైపు నుంచి మొదలుపెట్టి.